సగంలో ఆగిన మొక్కు

మొక్కు మాట పూర్తిగా నోరు దాటకముందే కోరుకున్నది జరిగిపోతే, ఆ మొక్కు బాకీ ఉన్నట్టా, లేనట్టా?

ఈ సందేహం దశరథ్‌ను చాలా ఏళ్లుగా విడవలేదు. అప్పుడు కూతురు కరుణ ఐదో తరగతి. కార్తీక మాసంలో అనంతగిరి జాతరకు పోయి, పద్మనాభ స్వామిని చూసుకుని, తిరుగు ప్రయాణంలో వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు రైలు కోసం నిలబడ్డారు. రైలు వస్తుందనగానే జాతర జనమంతా ఒక్కసారి కదిలారు. చూసుకుంటే చేతిలో పిల్ల చెయ్యి లేదు. దశరథ్ ప్లాట్‌ఫారం ఆ చివరికీ ఈ చివరికీ ఉరికాడు. పేరు పెట్టి అరిచాడు. రైలు వచ్చింది, పోయింది. ఇక ఎటు ఉరకాలో తెలియక, కొండ ఉన్న దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. "స్వామీ, నా బిడ్డ దొరికితే నీకు..." అన్నాడు. తర్వాతి మాట గొంతులోనే ఉంది. వెనక నుంచి ఎవరో అంగీ గుంజారు. తిరిగి చూస్తే కరుణ.

చెప్పబోయిన మాట ఒక కొబ్బరికాయ. అంతకంటే పెద్దదేమీ కాదు.

పిసినారితనమా అంటే అదీ కాదు. దశరథ్ ఏ గుడికి పోయినా కాయ కొట్టకుండా రాడు. కానీ ఆ ఒక్క కాయ దగ్గర అతని కాలు ముందుకు పడలేదు. మాట పూర్తి కాలేదు కాబట్టి బాకీ లేదనుకుంటే స్వామికి ఎగ్గొట్టినట్టు ఉంటుంది. బాకీ ఉందనుకుని కొడితే, తన మొక్కు వల్లనే పిల్ల దొరికిందని చెప్పుకున్నట్టు ఉంటుంది. మొక్కే పూర్తి కానప్పుడు అది అబద్ధం కదా? పూజారిని అడిగితే భావం ముఖ్యం అన్నాడు. మేనమామ బీరప్పను అడిగితే నవ్వి బీడీ ముట్టించాడు. భార్య మహేశ్వరి మాత్రం, "ఒక్క కొబ్బరికాయ కాడ దేవునితోని పంచాయితి పెట్టుకున్నోన్ని నిన్నే చూసిన" అనేది. హైదరాబాద్ పోయే రైలు వికారాబాద్‌లో ఆగితే, దశరథ్ కొండ కనిపించని వైపు కిటికీ దగ్గర కూర్చునేవాడు.

మళ్లీ కార్తీకం వచ్చింది. ఆ సోమవారం చుక్క పొడిచేదాకా తినకుండా ఒంటిపొద్దు ఉన్న దశరథ్, మిల్లుకు సెలవు చెప్పి, మధ్యాహ్నం నుంచి గోడకున్న బండ అర ముందు నిలబడి ఉన్నాడు. ఆ అరలో ఇంటర్నెట్ రూటర్ ఉంది. ఆకుపచ్చగా ఉండాల్సిన దాని లైటు ఎర్రగా కొట్టుకుంటోంది.

కరుణ ఇప్పుడు డిగ్రీ అయిపోయిన పిల్ల. తల్లి పుట్టిల్లు కర్ణాటకలోని సేడం వైపు కాబట్టి తెలుగుతో పాటు కన్నడ కూడా ఆమెకు ఇంటి భాషే. ఆ రెండు భాషల బలం మీద, ఆసుపత్రుల హెల్ప్‌లైన్ నడిపే ఒక కంపెనీలో ఇంటి నుంచే చేసే పని దొరికింది. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోయినవాళ్లు ఫోన్ చేస్తే మందుల సంగతి, పత్యం సంగతి చెప్పాలి. పని ఇంకా ఖాయం కాలేదు. రోగితో మాట్లాడుతుండగానే ఇప్పటికి రెండుసార్లు లైను తెగింది. రెండోసారి కంపెనీ మేడం మర్యాదగానే చెప్పింది. సోమవారం నాలుగింటికి నేను లైన్లో ఉండి వింటాను, ఆ గంట లైను తెగకుండా ఉంటే సరే, తెగితే ఇంటి నుంచి పని నీకు కుదరదు. ఫోన్ నెట్టుతో పని చేస్తే ఒప్పుకోరు. ఒప్పుకున్నా లాభం లేదు, ఆ ఇంట్లో దొడ్డివైపు రేకుల కింద తప్ప ఫోన్‌కు సిగ్నలే అందదు.

ఆ పని కరుణ ఒక్కదానిదే కాదు. దశరథ్ ఇరవై ఏళ్లుగా తాండూరు బండల పాలిష్ మిల్లులో ఉన్నాడు. రెండేళ్లుగా పట్టుకున్న దగ్గు వదలడం లేదు. ఇంకా ఆ దుమ్ములో ఉంటే మందులు పనిచేయవని డాక్టర్ చెప్పేశాడు. "నా పని పక్కా అయిన నెలనే నువ్వు మిల్లు బందు పెట్టాలె" అని కరుణ మాట తీసుకుంది. పని పక్కా కాకపోతే ఆ మాట ఎత్తే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

దశరథ్ రూటర్ స్విచ్ తీసి వేశాడు. బండ వేడి తగులుతోందేమోనని కింద అట్టముక్క పెట్టాడు. కిటికీ వైపు తిప్పాడు. పక్కన రెండు తట్లు తట్టాడు. లైటు ఆకుపచ్చగా మారింది.

"వచ్చింది బిడ్డ, వచ్చింది."

కరుణ లోపలి గదిలోంచి వచ్చింది. "ఏం చేసినవ్ నాయినా?"

"స్విచ్ తీసిన. అట్ట పెట్టిన. జర ఇటు మళ్లించిన. కొట్టిన."

"మరి దేనితోని వచ్చింది?"

"ఏమో. వచ్చింది కద."

"గట్ల కాదు నాయినా. ఒక్కటి చేసి చూడాలె, ఆగాలె, ఇంకోటి చేయాలె. అన్నీ ఒక్కపారి చేస్తే దేనితోని బాగైందో ఎన్నటికీ తెల్వదు."

అతను కూతురి ముఖంలోకి చూశాడు. ఆ మాట ఆమె రూటర్ గురించే అంది. అతనికి మాత్రం స్టేషన్ ప్లాట్‌ఫారం కళ్ల ముందు మెదిలింది. ఇంతలో లైటు మళ్లీ ఎర్రబడింది.

కరుణ ఒక్కొక్కటే మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్ తెచ్చి వైరుతో నేరుగా రూటర్‌కే తగిలించింది. అయినా అంతే. అంటే తప్పు గోడలది కాదు, గది దూరానిదీ కాదు. కరెంటు అడాప్టర్ తీసి పాతది పెట్టింది. అంతే. గోడ గడియారం మూడు దాటింది.

"మన నెట్టు పక్కింటి రెబెక్కకు గూడ ఇచ్చినవ్ కద" అంది మహేశ్వరి వంటింటి గుమ్మంలోంచి. "పొద్దూకితే ప్రార్థన వీడియో పెడ్తరు. ఆళ్లే అంతా గుంజుకుంటుర్రేమో."

"అమ్మా, గంత గట్టిగ అనకు. కిటికీ తెరిచి ఉన్నది."

"ఇనబడ్డది వదినా" అంది కిటికీ అవతలి గొంతు.

రెబెక్క ఊరి దవాఖానాలో నర్సు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, భుజాన సంచి అలాగే ఉంది. లోపలికి వచ్చి నవ్వుతూ ఫోన్ చాపింది. "చూస్కోర్రి, మీ నెట్టు నేను ఎప్పుడో తీసేసిన. దసరా కాడి నుంచి అది సక్కగ వస్తనే లేదు. మా పాస్టరమ్మ నోరు కదులుతది, పాట రాదు. మీరే పరేషాన్‌ల ఉన్నరు, నేనెందుకు చెప్పాలెనని ఊకున్న."

మహేశ్వరి ముఖం చిన్నబోయింది. "కోపం పట్టకు రెబెక్కా. భయంల ఏదో అన్న."

"కోపమేంది గానీ, కుమారస్వామికి ఫోన్ చేసిర్రా?"

కుమారస్వామి ఆ వీధికి కేబుల్ ఇచ్చిన మనిషి. దశరథ్ దొడ్లోకి పోయి, రేకుల కింద నిలబడి ఫోన్ చేశాడు. గాలి హోరు మధ్య నుంచి జవాబొచ్చింది.

"కాకా, ధారూర్ కాడ లారీ మా వైరు గుంజుకపోయింది. నేను స్తంభం మీద ఉన్న. రేపు పొద్దుగాల వస్త."

"రేపు వచ్చి ఏం చేస్తవ్ రా. నాకు నాలుగింటికి కావాలె. పిల్ల పని పోతది."

కుమారస్వామి మెత్తబడ్డాడు. "సరే కాకా. ఫోన్ పెట్టకు. నేను అడిగింది అడిగినట్టు చెప్పు. ఎర్ర లైటు నిలకడగున్నదా, కొట్టుకుంటున్నదా?"

దశరథ్ దొడ్లోంచి అరిచాడు. వంటింటి గుమ్మంలో మహేశ్వరి అందుకుని లోపలికి అరిచింది. కరుణ చూసి చెప్పింది. అదే దారిలో జవాబు వెనక్కి వచ్చింది.

"కొట్టుకుంటున్నది."

"వెనక సన్న పసుపు వైరు ఉంటది చూడు. దాని కొసకు ఆకుపచ్చ మూతి ఉంటది. దాన్ని ఎవరన్న ముట్టిర్రా?"

"ఎవ్వరు ముట్టలే."

"ఎలుక కొరికిందా? ఎక్కడన్న మడత పడ్డదా?"

రెబెక్క గోడ పొడుగునా వైరును వెతికి వచ్చింది. ఎక్కడా ఏమీ లేదు.

"ఎన్నటి నుంచి గిట్లైతుంది కాకా?"

"దసరా కాడి నుంచి అంటున్నది రెబెక్క."

"దసరా నాడు ఏం చేసిర్రు?"

"ఏం చేస్తం. పూజ చేసినం."

"ఏం పూజ?"

దశరథ్ ఇంటివైపు తిరిగాడు. గుమ్మంలో మహేశ్వరి అతన్నే చూస్తోంది. ఆమె చూపు అక్కడి నుంచి మెల్లగా లోపలి అర మీదికి పోయింది. రూటర్ నెత్తిన పసుపు, దాని మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఆయుధపూజ రా. ఏటా చేస్తం కద."

ఏటా చేస్తాడు. గొర్రెలు కాసిన తాత కాలంలో ఉన్ని కత్తెర, చేతికర్ర పూజ పీట మీద ఉండేవి. తర్వాత కొడవలి, సుత్తి, ఉలి వచ్చాయి. ఈసారి ఇంటికి అన్నం పెట్టబోయే పనిముట్టు రూటరేనని దశరథ్‌కు గట్టిగా అనిపించింది. ల్యాప్‌టాప్ అడిగితే కరుణ ఇవ్వలేదు. ఆమె జమ్మిచెట్టు పూజకు పోయిన సమయం చూసి, ఆ రోజు పనిముట్టు ఆడకూడదు కాబట్టి రూటర్‌కున్న వైర్లన్నీ పీకాడు. తడిగుడ్డతో తుడిచి, పీట మీద పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. హారతి ఇచ్చి, మళ్లీ ఎక్కడివి అక్కడ పెట్టాడు. ఎవరైనా ముట్టారా అని కుమారస్వామి అడిగినప్పుడు అతనికి అది గుర్తుకు రాకపోవడం అబద్ధమాడటం కాదు. దేవుడి ముందు పెట్టడం ముట్టుకోవడం కిందికి వస్తుందని అతనికి తోచనే లేదు.

"కాకా" అన్నాడు కుమారస్వామి. గొంతు మారింది. "డబ్బాకే బొట్టు పెట్టినవా, వైరు కొసకు గూడ పెట్టినవా?"

"కొసకు పెట్టకుంటే ఎట్ల రా? కత్తికి అంచుకు పెడ్తం గానీ పిడికి పెడ్తమా?"

స్తంభం మీద మనిషి నవ్వాడో, నిట్టూర్చాడో గాలిలో తెలియలేదు. "కాకా, ఆ వైరుల కరెంటు పోదు, వెలుగు పోతది. తోవ వెంట్రుక కంటే సన్నగుంటది. అడ్డం ఒక్క రేణువున్నా సగం వెలుగు అక్కడనే ఆగుతది. తీసి తుడువు. కొసను కంటికి ఎదురుంగ పెట్టుకోకు, కన్నుకు మంచిది కాదు. నోటితోని ఊదకు, తేమ అంటుతది. స్పిరిట్ తోని ఒక్కదిక్కే తుడువు. తుడిచినంక ఏలు తాకనీయకు."

లైను తెగింది. మళ్లీ చేస్తే కలవలేదు. లోపల గడియారం నాలుగుకు చేరువైంది.

కరుణ పసుపు వైరు బయటికి తీసింది. ఆకుపచ్చ మూతి కొసన బియ్యపు గింజంత తెల్లటి మొన. దాని అంచున సన్నగా, ఎర్రగా, కుంకుమ. కరుణ తండ్రిని చూసింది. ఆమె ఒక్క మాట అని ఉంటే అతనికి తేలికయ్యేది. అనలేదు.

రెబెక్క సంచిలోంచి, సూది వేసేముందు చేతికి తుడిచే స్పిరిట్ పొట్లం తీసింది. "ఇదైతే నూగు రాదు."

"ఆగుర్రి" అంది మహేశ్వరి. "కార్తీక సోమారం పూట కుంకుమ తుడుస్తరా?" ఆమె చెయ్యి తెలియకుండానే తన నుదుటి మీదికి పోయింది.

రెబెక్క నెమ్మదిగా అంది, "నేను తుడుస్త వదినా. మాకు గా పట్టింపు లేదు."

"లేదు చెల్లె" అన్నాడు దశరథ్. "పెట్టింది నేను. నేనే తీస్త."

దొడ్లోకి పోయి చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. మిల్లులో పాలిష్ చక్రం కింద ఒక్క ఇసుక రేణువు పడితే బండ పొడుగునా గీత పడుతుంది. ఆ గీత పడకుండా తుడవడమే అతను ఇన్నేళ్లూ చేసిన పని. కానీ బండను తుడిచే చేతులు అవి, ఈ మొనను పట్టుకునేవి కావు. పొట్లం చింపాడు. స్వామీ, నీ కుంకుమను తుడిచేస్తున్నానని అనుకోకు, నేను పెట్టగూడని చోట పెట్టింది తీస్తున్నాను, అనుకున్నాడు. ఒక్కదిక్కే, మెల్లగా తుడిచాడు. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చార పడింది. ఇంకో పొట్లంతో మళ్లీ తుడిచాడు. ఈసారి గుడ్డ తెల్లగానే వచ్చింది. మహేశ్వరి ఆ ఎర్ర చార ఉన్న గుడ్డను చెత్తలో వేయనివ్వలేదు. తీసుకుపోయి తులసి మొదట్లో పెట్టింది.

వైరు రూటర్‌కు పెడుతుంటే పాత అలవాటు నోటిదాకా వచ్చింది. "స్వామీ, ఈ ఒక్క గంట..."

అక్కడే ఆపేశాడు. పాతదే తేలలేదు, కొత్తది ఏ ముఖంతో మొక్కాలి? పైగా పిల్ల ఒక్కొక్కటే చేయమంది. తుడవడం ఒకటి చేశాడు. అది చాలో లేదో తెలియాలంటే ఇంకేదీ కలపకూడదు. పెదవులు బిగించి వైరు లోపలికి నొక్కాడు. చిన్న చప్పుడైంది.

ఎర్ర లైటు ఆరిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆకుపచ్చ లైటు కొట్టుకుని, కొట్టుకుని, నిలబడింది.

"ఇందాక గూడ గిట్లనే వచ్చి పోయింది" అంది కరుణ. అని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది.

ఆ గంట ఆ ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. రెబెక్క ఇంటికి పోకుండా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది, ఆమె పెదవులు కదులుతున్నాయి. మహేశ్వరి కుక్కర్ పెట్టలేదు. తలుపు సందులోంచి కరుణ గొంతు వస్తోంది. మొదట తెలుగులో ఎవరికో కుట్ల సంగతి చెప్పింది. తర్వాత కన్నడలోకి మారింది. "అజ్జా, ఊట మాడిద్రా?" అన్నం తిన్నారా తాతా అని అడుగుతోంది. అవతలి ముసలాయన చాలాసేపు ఏదో చెబుతున్నాడు. కరుణ ఊఁ కొడుతోంది.

దశరథ్‌కు గొంతులో గరగర మొదలైంది.

దగ్గితే లోపలికి వినిపిస్తుంది. మేడం వింటోంది. నీళ్లు మింగాడు. గరగర ఛాతీలోకి దిగి మళ్లీ పైకి ఎగదన్నింది. భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకుని, లైటును ఒక్కసారి చూసి, దొడ్లోకి నడిచాడు. రేకుల అవతల, గోడ చివర, మోకాళ్ల మీద కూలబడి దగ్గాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. దగ్గు తగ్గినా లోపలికి పోలేదు. మళ్లీ వస్తే? అక్కడి నుంచి లైటు కనిపించదు, కరుణ గొంతు వినిపించదు. ఏ మొక్కూ లేకుండా, ఏమీ అడగకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అట్లా ఖాళీ చేతులతో దేవుడి ముందు ఎప్పుడైనా కూర్చున్నట్టు అతనికి గుర్తులేదు. ఎప్పుడు చేతులు జోడించినా వాటి మధ్య ఏదో ఒక కోరిక ఉండేది.

నీడలు గోడ ఎక్కాక మహేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. ముఖం చీకట్లో ఉంది.

"తెగలే" అంది. "ఒక్కపారి గూడ తెగలే. వచ్చే నెల నుంచి పక్కా అని మేడం చెప్పిందట. ఇగ లేచి రా, చుక్క పొడిచే యాళ్లయింది, ఒంటిపొద్దు ఇడువు."

మరునాడు కుమారస్వామి వచ్చి, ఆ వైరు మూతి కోసేసి కొత్తది వేశాడు. "కాకా, వచ్చే దసరాకు డబ్బా మీదనే బొట్టు పెట్టు, వైరు కొసకు వద్దు" అన్నాడు. దశరథ్ తలూపి మిల్లుకు పోయి, నెలాఖరు నుంచి రానని షేటుకు చెప్పి వచ్చాడు.

కార్తీకం ముగియకముందే ముగ్గురూ వికారాబాద్ రైలెక్కారు. దశరథ్ ఈసారి కొండ కనిపించే వైపు కూర్చున్నాడు. ఒళ్లో సంచి, సంచిలో కొబ్బరికాయ. ధారూర్ దాటాక, ఇన్నేళ్లూ అడగడానికి జంకిన మాట కూతురిని అడిగాడు. ఎవరో తెచ్చి వదిలారని తెలిస్తే, పుణ్యం వాళ్లదవుతుందని, స్వామిది కాకుండా పోతుందని అతని జంకు.

"ఆ దినం స్టేషన్‌ల నిన్ను నా కాడికి ఎవరు తెచ్చిర్రు బిడ్డ?"

"ఎవ్వరు తేలే నాయినా. చెయ్యి జారంగనే నీళ్ల నల్ల కాడ స్తంభం పట్టుకుని నిలబడ్డ. తప్పిపోతే ఉన్నకాడనే ఉండాలని మా టీచర్ చెప్పింది. నువ్వు నా ముందట్నుంచే అటు ఉరికినవ్, ఇటు ఉరికినవ్. పిలిచిన. జనంల ఇనబడలే."

"మరి ఎట్ల వచ్చినవ్?"

"నువ్వు ఉరుకుతుంటే అందలే. చేతులెత్తి ఆగినవ్ కద, అప్పుడు అందినవ్."

దశరథ్ ఒళ్లోని సంచిని దగ్గరికి లాక్కున్నాడు.

"ఇగ చెప్పు" అంది మహేశ్వరి. "కొబ్బరికాయ స్వామికా, టీచరమ్మకా?"

"నువ్వు ఊకోయే" అన్నాడు కానీ అతనికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు దగ్గూ వచ్చింది.

వికారాబాద్‌లో దిగి, జనం పోయేదాకా ఆగాడు. నీళ్ల నల్ల ఇప్పుడు అక్కడ లేదు, స్తంభం ఉంది. దాని పక్కన నిలబడి, కొండ ఉన్న దిక్కుకు తిరిగాడు. ఎవరి వల్ల అయిందో తేల్చే పని తనది కాదనిపించింది. తను చేయగలిగింది, మధ్యలో వదిలేసిన మాటను పూర్తి చేయడం ఒక్కటే.

"నా బిడ్డ దొరికింది స్వామీ" అన్నాడు. "నీకు ఒక కొబ్బరికాయ."

ఆటో ఎక్కి కొండకు పోయారు. గుడి ముందు రాయి మీద ఆ కాయ ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. నీళ్లు అతని మణికట్టు మీదుగా కారి రాతి మీద పడ్డాయి.